ఉదయగిరి చెక్క గరిటెలు: అద్దాల బీరువాకు కాదు, పొయ్యి పక్కకు

మాది కావలిలో చిన్న కర్రీ పాయింట్. పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం రెండు దాటేదాకా చేతిలో గరిటె ఉండాల్సిందే. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసే ఒక ఇంటికి పోయి, నాకు కావలసినవి దగ్గరుండి చేయించుకున్నాను. వేసవిలో తెచ్చినవి, వానాకాలం కూడా చూసేశాయి. రోజూ వాడి చూశాకే రాస్తున్నాను. వస్తువులు చాలా బాగున్నాయి, పెట్టిన డబ్బుకు పూర్తిగా తగినవి. అమ్మే పద్ధతిలోనే కొన్ని సరిచేసుకోవలసినవి ఉన్నాయి, అవీ చెబుతాను.

ఉదయగిరి చెంచాల పేరు మన నెల్లూరు జిల్లాలో వినని వాళ్లు తక్కువ. కానీ వాటిని బహుమతి వస్తువులుగానే చూస్తున్నాం. లేపాక్షి షోరూంలో కొంటారు, పెళ్లికో గృహప్రవేశానికో ఇస్తారు, అందుకున్నవాళ్లు అద్దాల బీరువాలో పింగాణీ బొమ్మల పక్కన నిలబెడతారు. అక్కడ అవి దుమ్ము పట్టి, నూనె తగలక పొడిబారి, చివరికి బీటలు తీస్తాయి. నాకది చాలా బాధగా ఉంటుంది. చెంచా చేసిన మనిషి అది నోట్లోకి పోయే వస్తువని గుర్తుపెట్టుకొని అంచులు నునుపు చేస్తుంది. దాన్ని వాడకపోతే ఆ పనికి విలువ ఇచ్చినట్టు కాదు.

కావలి నుంచి కలిగిరి, వింజమూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరి. బస్సులు ఉన్నాయి, అక్కడ ఆర్టీసీ డిపో కూడా ఉంది. మేం మా మేనకోడలు కారులో పోయాం. ఊరు దగ్గర పడుతుంటే వెలిగొండలు ఎదురుగా లేస్తాయి, వాటి ముందు దుర్గం కొండ. మూడువేల అడుగుల పైచిలుకు ఎత్తు. 1514లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఇదే. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని ఆయన హంపికి తీసుకుపోయి దానికోసం గుడి కట్టించాడు. గెలిచింది రాయలైనా కొండ మీద గుళ్లూ ఉన్నాయి, మసీదులూ ఉన్నాయి, తర్వాత గోల్కొండ వాళ్లు ఏలిన గుర్తులూ ఉన్నాయి. కొండ ఎక్కాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి, దానికి ఒక రోజు వేరే పెట్టుకోండి. చెంచాల పని, కొండ పని ఒకే రోజు పెట్టుకుంటే రెండూ సరిగ్గా కావు.

చెంచాల పని చేసేవాళ్లు ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, అందులోనూ ఆడవాళ్లు. దిలావర్ భాయ్ వీధి అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. అక్కడికి చేరాక మాత్రం ఏ ఇంట్లో అమ్ముతారో తెలియదు. మేం వెళ్లిన ఇంటికి బోర్డు లేదు. తలుపు దగ్గర చెక్కపొట్టు కుప్ప, లోపల ఆకురాయి గీరుతున్న చప్పుడు, అవే గుర్తు.

వరండాలో ఒక పెద్దామె నేల మీద కూర్చొని పని చేస్తోంది. పక్కన కోడలు, కాస్త అవతల కాలేజీకి పోయే వయసు పిల్ల. ముందు ఒక పాత మొద్దు, ఏళ్ల తరబడి దెబ్బలు తిని నడుమ గుంట పడిపోయింది. చెక్క తుండును దాని మీద నిలబెట్టి పెద్దామె చిన్న బాడిశతో చెక్కుతుంటే గరిటె ఆకారం నా కళ్ల ముందే తేలింది. గీత గీసుకోలేదు, అచ్చు పెట్టుకోలేదు. ముందు కాడ రెండు పక్కలా తగ్గించింది, తర్వాత మెడ దగ్గర సన్నం చేసింది. గుంట మాత్రం బాడిశతో కాదు, వంపు ఉలితో తీస్తారు. ఉలి ఎప్పుడూ రెండు అంచుల నుంచి నడిమికే నడుస్తుంది. నడిమి నుంచి అంచుకు నడిపితే చెక్క నార పట్టుకొని చీలిపోతుందట. పొట్టు కొబ్బరి కోరులాగా రాలి ఆమె ఒడిలో పడుతోంది.

తర్వాత పనంతా ఆకురాళ్లదే. ముతకది, సన్నది, మూడు మూలలది, ఎలుక తోకంత సన్నగా గుండ్రంగా ఉండేది, అన్నీ ఒక గోనె పట్టా మీద వరసగా పెట్టుకుంది. కాడ మీద నగిషీ చెక్కడానికి ఉలి వాడడం నేను చూడలేదు. మూడు మూలల ఆకురాయి అంచుతోనే గాట్లు పెడుతుంది. రెండు గాట్లు ఎదురెదురుగా, వాటి నడుమ ఒకటి, మళ్లీ వాటి కింద రెండు. చూస్తుండగానే ఆకు, మొగ్గ, జాలీ వచ్చేశాయి. కాడ చివర సన్నటి రంధ్రాలు పొడిచి, ఎలుక తోక ఆకురాయి దూర్చి లోపలి అంచులు కూడా నున్నగా చేస్తుంది. ఆ రంధ్రంలో వేలు పెట్టి చూశాను, ఎక్కడా గరుకు తగల్లేదు. చివర్లో శాండ్ పేపర్. ముతకదాంతో ఒకసారి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి సన్నదాంతో ఇంకోసారి. తడిగుడ్డ ఎందుకని అడిగితే, తడి తగిలినప్పుడు చెక్క నూగు లేస్తుందని, అది ఇక్కడే లేపి తీసేస్తే మన ఇంట్లో కడిగినప్పుడు మళ్లీ లేవదని చెప్పింది. నాణ్యమంటే ఇట్లాంటి చోటే తెలుస్తుంది. ఈ పని చేయకపోయినా కొనేటప్పుడు మనకు తెలియదు. ఆమె చేసింది.

ఆ ఇంట్లో కరెంటు మిషన్లు లేకపోలేదు. తుండ్లు కోయడానికి ఒకటి, మెరుగు పెట్టడానికి ఒకటి ఉన్నాయి. కరెంటు పోయినా పని ఆగలేదు. ఆకారం, గుంట, నగిషీ అన్నీ చేత్తోనే.

చెక్క గురించి కూడా కొనేవాళ్లకు తెలియాలి. చుట్టుపక్కల దుర్గంపల్లి కొండల నుంచి తెచ్చే నర్ది, బిక్కి, కల్ది, దేవదారి, పాలబర్కి వాడతారు. నేను తెచ్చుకున్నవి బిక్కి, దేవదారి, నర్ది. బిక్కి లేత పసుపు, నార కనపడనంత దగ్గరగా ఉంటుంది, అందుకే సన్నటి నగిషీకి అదే తీసుకుంటారు. దేవదారికి సువాసన ఉంది. ఇది హిమాలయాల్లో పెరిగే మహావృక్షం కాదు, మన రాతి కొండల్లో పెరిగే చిన్న చెట్టు. మా మేనకోడలు ఎర్రచందనం చెంచాలు ఉన్నాయా అని అడిగింది. పెద్దామె చెయ్యి అడ్డంగా ఊపి, "ఆ మాటే వద్దమ్మా, మాకు కొండ మీద బతుకు గావాల" అంది. ఈ కొండల్లో ఎర్రచందనం ఉంది, దాన్ని ముట్టుకోకుండానే ఇంత పని చేస్తున్నారు. మామూలు చెక్క దొరకడం కూడా ఏటికేడు కష్టమవుతోందని కోడలు చెప్పింది.

ఇప్పుడు నేను చేయించుకున్న ఉప్పు పెట్టె సంగతి. ఈ పెట్టె కోసమైనా నేను మళ్లీ అక్కడికే పోతాను.

మా వంటలకు రాళ్లుప్పే వాడతాం. రేకు డబ్బాలో పోస్తే కొన్నాళ్లకే తుప్పు, స్టీలు డబ్బాకు కూడా అంచు దగ్గర మచ్చలు, ప్లాస్టిక్ డబ్బాలో నీరు ఊరిపోతుంది. చెక్క పెట్టె అయితే కొంత తేమ అదే పీల్చుకుంటుందని మా అమ్మ వాళ్లింట్లో చూసిన జ్ఞాపకం. ఒక జానెడు వెడల్పు, బెత్తెడు లోతు, గుండ్రంగా, మూత ఉండేది కావాలని అడిగాను. వాళ్ల దగ్గర చిన్న కుంకుమ భరిణెలు, ట్రేలు ఉన్నాయి గానీ ఇంత పెట్టె తయారుగా లేదు. పెద్దామె కాసేపు ఆలోచించి, "ఏమ్మా, మీది యా ఊరు?" అని అడిగింది.

కావలి అన్నాను.

"కావలంటే సముద్రం దెగ్గిరే గదా. ఈడ ఎండకి ఎండిన చెక్కలో మూత బిగుతుగా తీసిస్తే, ఆడ తేమకి ఉబ్బి మూత రాదు. కొంచెం వదులుగా పెడతా. ఇప్పుడు లొడలొడ ఆడతాదిలే, వానలొస్తే సరిపోద్ది."

ఇంతవరకు ఏ షాపులోనూ, ఏ వస్తువుకూ నా ఊరు ఏదని అడిగి కొలత మార్చినవాళ్లను చూడలేదు.

అంతటితో ఆగలేదు. చెక్క పొడవున దాదాపు పెరగదు, నారకు అడ్డంగానే ఉబ్బుతుంది. అందుకని గుండ్రంగా తీసిన మూత వానాకాలంలో గుండ్రంగా ఉండదు, కాస్త కోలగా అవుతుంది. పెట్టె నోరు కూడా అంతే. రెండింటి నారా ఒకే వైపు ఉంటే రెండూ ఒకే వైపు కోల తిరుగుతాయి, మూత పడుతుంది. అడ్డదిడ్డంగా పెడితే పట్టేస్తుంది. అందుకని మూతనూ పెట్టెనూ ఒకే దుంగలోంచి తీసి, మూత అంచు మీద ఒక గాటు, పెట్టె అంచు మీద ఒక గాటు పెట్టింది. ఆ రెండు గాట్లూ కలిసేలా మూత పెట్టాలి. గాటు కూడా ఉత్త గాటు కాదు, సగం మొగ్గ మూత మీద, సగం మొగ్గ పెట్టె మీద చెక్కింది. కలిస్తే మొగ్గ పూర్తవుతుంది.

పెట్టె తయారవడానికి టైము కావాలంది. దుంగ లోపల తొలిచి, కొన్నాళ్లు నీడన పెట్టి, ఆరాక మళ్లీ సరిచేయాలట. తొందరపెట్టలేదు. ఫోన్ చేశాక మా వాళ్లు పోయి తెచ్చారు. మూత నిజంగానే లొడలొడలాడింది. కార్తీకంలో ముసురు పట్టి, ఇంట్లో అప్పడాలు కూడా మెత్తబడిన రోజుల్లో చూస్తే, మూత చక్కగా కూర్చుంది, వేలితో ఎత్తితే వచ్చింది. పిల్లలు ఎటు పడితే అటు తిప్పి పెట్టినప్పుడు మాత్రం పట్టేసింది. మొగ్గ కలిపి పెడితే ఏ ఇబ్బందీ లేదు. ఉప్పు పైన కొంచెం చెమ్మ ఉంటుంది, అడుగున నీరు మాత్రం చేరదు.

గరిటెల విషయానికి వస్తే, మా కర్రీ పాయింట్లో వాటికి దొరికే చాకిరీ ఇంట్లో దొరికేదానికి ఎన్నో రెట్లు. చేపల పులుసుకు స్టీలు గరిటె పెడితే ముక్క విరుగుతుంది. నెల్లూరు పులుసులో మామిడికాయ ముక్క కూడా మెత్తబడి ఉంటుంది, గిన్నె పట్టుకొని కుదపడమే తప్ప గరిటె పెట్టేవాళ్లం కాదు. ఇప్పుడు వెడల్పాటి నర్ది తెడ్డు అడుగు నుంచి పోనిస్తే ముక్క దాని మీద కూర్చొని అట్లాగే లేస్తుంది. అంచు పలచగా, కానీ పదును లేకుండా తీశారు. పులిహోర కలపడానికి పొడుగు కాడ గరిటె బాగుంది, మెతుకు చితకదు. ఇంట్లో నాన్‌స్టిక్ పెనం మీద గీతలు పడడం ఆగింది. పచ్చడి జాడీలో చెక్క చెంచానే వేస్తాం, ఉప్పూ పులుపూ తగిలినా దానికి ఏమీ కాదు.

మరకల సంగతీ చెప్పాలి. బిక్కి చెంచాలకు పసుపు పట్టేసింది, ఇక పోదు. తిరగమోతకు వాడిన గరిటె కొస నల్లబడింది. వేడి నూనెలో గరిటెను వదిలేస్తే ఏ చెక్కయినా మాడుతుంది, అది చేసినవాళ్ల తప్పు కాదు. ముల్లు చెంచాల్లో ఒకదానికి ఒక పన్ను విరిగింది. విరిగిన చోట చూస్తే నార వాలుగా ఉంది, చెక్క ఎంచుకునేటప్పుడే చూసుకోవలసింది. ఫోన్ చేసి చెప్పాను, ఇంకోటి పంపించారు. కానీ ముల్లు చెంచాలు కొనేటప్పుడు మీరే వెలుగులో పెట్టి చూడండి. పళ్ల వెంట నార నిలువుగా పోతుంటే తీసుకోండి, అడ్డంగా జారిపోతుంటే పక్కన పెట్టండి.

మెరుపు పూత వేసినవి కూడా అమ్ముతున్నారు. చూడ్డానికి అవే ముందు కంటబడతాయి. వంటకు కొనేవాళ్లకు అవి వద్దు. వేడికి ఆ మెరుపు పొరలు పొరలుగా లేస్తుంది, కూరలోకే పోతుంది. మాకు మెరుపు లేకుండా నూనె మాత్రం పట్టించి ఇమ్మని అడిగితే, పెద్దామె ముఖం వెలిగిపోయింది. అడిగేవాళ్లు తక్కువట.

సరిచేసుకోవలసినవి చెబుతానన్నాను కదా. ఏ వస్తువు మీదా ధర లేదు, ఏ చెక్కో రాసి లేదు. చిన్న చీటీ అతికిస్తే కొనేవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. వస్తువులు చుట్టి ఇచ్చే తీరు మరీ అన్యాయం. అంత సన్నటి జాలీ పనిని పాత పేపర్లో చుట్టి రబ్బర్‌బ్యాండ్ వేసి ఇచ్చారు. మేం కారులో తువ్వాళ్లలో చుట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. బస్సులో పోయేవాళ్లు గట్టి డబ్బా ఒకటి వెంట తీసుకెళ్లండి. ఫోన్ పే ఉంది, బిల్లు మాత్రం అడిగితేనే చీటీ మీద రాసిస్తారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు పని ఆగుతుంది, అది చూసుకొని బయల్దేరండి.

ధరలు మేం వెళ్లినప్పటివి. చిన్న చెంచా 40, నగిషీ కాడ గరిటె 150, పెద్ద తెడ్డు 180, ఉప్పు పెట్టె 650 రూపాయలు. మేం ఉండగానే ఒకాయన వచ్చి నగిషీ చెంచాలు డజను తీసుకొని సగం ధరకు బేరం పెట్టాడు. కోడలు చాలాసేపు మాట్లాడలేదు, చివరికి కొంత తగ్గించి ఇచ్చింది. మామూలు చెంచాలైతే రోజంతా కూర్చుంటే డజను అవుతాయని, నగిషీవి రెండో మూడో అవుతాయని ఆమె అంతకుముందే మాకు చెప్పి ఉంది. అందులో చెక్క ఖర్చు, కోత ఖర్చు పోవాలి. ఆ పిల్ల చదువయ్యాక ఈ పనిలో ఉంటుందా అని అడిగితే ముగ్గురూ నవ్వేసి ఊరుకున్నారు. నేను ధర మీద ఒక్క రూపాయి కూడా బేరం ఆడలేదు, ఎవరూ ఆడకూడదనే గట్టిగా అంటాను. పెద్ద హోటల్లో ఒక పూట భోజనానికి అయ్యే డబ్బుకు ఏళ్ల తరబడి ఉండే గరిటెలు వస్తున్నాయి.

ఉదయగిరి చెక్క వస్తువులకు జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 జీఐ చట్టం ప్రకారం ఆ పేరు పెట్టి వేరే ఊరి సరుకు అమ్మకూడదు. అయినా మిషన్ల మీద తీసిన చెంచాలు ఈ పేరుతో కనిపిస్తుంటాయి. పోల్చుకోవడం కష్టం కాదు. ఆరు చెంచాలు వరసగా పెట్టండి, ఆరింటి మీదా మొగ్గ ఒకే అచ్చులో ఉంటే అది మిషన్ పని. చేతి పనిలో ఒక మొగ్గ కాస్త లావుగా, ఒకటి కాస్త వాలి ఉంటుంది. గుంటలోకి వెలుగు పడేలా తిప్పితే ఉలి నడిచిన సన్నటి అలలు కనిపిస్తాయి, శాండ్ పేపర్ వేశాక కూడా. వీలైతే ఊరికే పోయి కొనండి, డబ్బు నేరుగా చేసినవాళ్ల చేతిలో పడుతుంది.

వాడకంలో పెద్ద జాగ్రత్తలేం అక్కర్లేదు. నీళ్లలో నానబెట్టకండి. వాడగానే కడిగి, నిలబెట్టి నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే బీట తీస్తుంది. నెలకోసారి కొంచెం కొబ్బరినూనె రాసి రాత్రంతా ఉంచి పొద్దున గుడ్డతో తుడిచేస్తే చాలు. ఉప్పు పెట్టెకు లోపల నూనె వద్దని ఆమె ప్రత్యేకంగా చెప్పింది, పైనే రాయాలి.

హోటళ్లు, కర్రీ పాయింట్లు నడిపేవాళ్లు పెద్ద తెడ్లు చేయించుకోవాలనుకుంటే మీ గుండిగ లోతు కొలుచుకొని రాసుకుపోండి. నేను ఉత్త చేత్తో చూపించి చెబితే ఆమె ఒప్పుకోలేదు, మా ఇంటికి ఫోన్ చేయించి టేపు పెట్టించి, లోతు చెప్పాకే తుండు కోయించింది. గుండిగ లోతుకు ఇంకో మూర కలిపి కాడ తీస్తారు, ఆవిరి చేతికి తగలకుండా. మీ ఊరు ఏదో కూడా చెప్పండి.